పండుగ వీధిలో మద్యం: ఆ వీధివారిని అడిగారా?

సంవత్సరాంతం సమీపించిందంటే ఎక్సైజ్ కార్యాలయాలలో ఒకరోజు అనుమతుల కోసం దరఖాస్తులు పెరుగుతాయి. వేడుకల నిర్వాహకులు రుసుము చెల్లించి ఈవెంట్ పర్మిట్లు పొందుతారు. డిసెంబరు 31 రాత్రి దుకాణాల వేళలను పొడిగించడం ప్రభుత్వాలకు ఆనవాయితీగా మారింది. జాతరలలో తాత్కాలిక దుకాణాలకు అనుమతులిచ్చే పద్ధతి కూడా ఉన్నది. జనం ఎక్కువగా చేరేచోట అమ్మకమూ ఎక్కువ, అమ్మకం పెరిగితే ఖజానాకు రాబడీ ఎక్కువ. ఈ లెక్కలో ఆ వీధిలో కాపురముంటున్న కుటుంబాలకు మాత్రం స్థానం లేదు.

ఇందులో ఒక విచిత్రమైన వైరుధ్యం ఉన్నది. హైదరాబాద్‌లో వినాయక నిమజ్జనం, బోనాలు, హోలీ వంటి సందర్భాలలో పోలీసు కమిషనర్లు మద్యం దుకాణాలను మూయిస్తారు. శాంతిభద్రతల రక్షణకు అలా మూయించే అధికారాన్ని 1968 నాటి ఎక్సైజ్ చట్టమే ఇచ్చింది. కిక్కిరిసిన జనమూ మద్యమూ ఒకచోట కలిస్తే ప్రమాదమని ఈ ఉత్తర్వుల ద్వారా ప్రభుత్వమే అంగీకరిస్తున్నది. ఒక పండుగనాడు ప్రమాదమైనది మరొక వేడుకనాడు ఆదాయమార్గం ఎలా అవుతుంది? తాగిన మనిషి మారలేదు, వీధి వెడల్పు పెరగలేదు. మారినది రుసుము చలానా ఒక్కటే.

ఈ పంక్తులు వ్రాస్తున్నవాడు దీర్ఘకాలం ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాడు. ఒక పట్టణంలో పనిచేస్తున్నప్పుడు ఇటువంటి తాత్కాలిక అనుమతి ఫైలు ఒకటి నా బల్ల మీదుగా వెళ్లింది. మధ్యాహ్నం వచ్చిన దరఖాస్తుపై సాయంత్రానికల్లా ‘అభ్యంతరం లేదు’ అన్న మాట చేరింది. అందులో స్థలం పేరు ఉన్నది, చలానా ఉన్నది, సంతకాలు ఉన్నవి. ఎదురుగా మసీదు ఉన్నదని గానీ, పక్క సందులో బాలికల వసతిగృహం ఉన్నదని గానీ ఒక్క ముక్క లేదు. ఫైలును పై అధికారికి పంపినవాణ్ణి నేనే, నేనూ ఆ మాట వ్రాయలేదు. ఆ రాత్రి ఇద్దరు తాగుబోతుల మధ్య మొదలైన తగవులో ఒక యువకుడి తల పగిలింది. తెల్లవారేసరికి అది రెండు మతాల తగవుగా ఊరంతా పాకింది. ఇరువైపుల పెద్దలు రోజంతా వీధిలో నిలబడి నచ్చజెప్పబట్టి గండం గడిచింది. ఆనాటి నా మౌనం నన్ను నేటికీ బాధిస్తున్నది.

అల్పసంఖ్యాకులకు ఈ సమస్య ప్రత్యేకంగా ఎందుకు పట్టాలో ఆ ఒక్క రాత్రే చెబుతుంది. మత్తులో విసిరిన సీసా ఎవరి గడపలో పడినా గాజుపెంకులు ఒకే విధంగా గుచ్చుకుంటాయి. అది మసీదు గడప అయినప్పుడు మాత్రం మరునాటికి దాని పేరు మారిపోతుంది. ఆ తరువాత కేసులు, అరెస్టులు, మూతపడిన చిన్న దుకాణాలు, బడి మానిన పిల్లలు.

అయితే ఈ విషయాన్ని ‘ముస్లింల అభ్యంతరం’గా మాత్రమే ముందుకు తీసుకువెళ్లడం పొరపాటు. మద్యం మనకు హరామ్. సూరా మాయిదా ఆదేశం సుస్పష్టం. కానీ మన ధర్మం నిషేధించిందన్న కారణంతో ఇతరుల పండుగను అడ్డుకునే హక్కు మనకు లేదు, ఆ ఉద్దేశమూ ఉండరాదు. మన వాదానికి రాజ్యాంగమే ఆధారం. ఆరోగ్యానికి హానిచేసే మత్తు పానీయాల నిషేధానికి ప్రభుత్వం కృషి చేయాలని 47వ అధికరణం నిర్దేశిస్తున్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని ఎదిరించినప్పుడు ఎవరి మతం ఏమిటని ఎవరూ అడుగలేదు. ఆ ఉద్యమ ఫలితంగానే 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో రాబడి పేరిట ఆ నిషేధం సడలిపోయినా, ఆ తల్లుల పోరాట పాఠం సడలిపోలేదు.

మద్యపానాన్ని పాపంగా చూడని దేశాలలో సైతం తాత్కాలిక అమ్మకానికి హద్దులున్నాయి. ఇంగ్లండులో 2003 నాటి లైసెన్సింగ్ చట్టం ప్రకారం తాత్కాలిక నోటీసుపై జరిగే కార్యక్రమంలో ఒకేసారి 499 మందికి మించి ఉండరాదు. సాధారణంగా పది పనిదినాల ముందు నోటీసు ఇవ్వాలి. పోలీసులు, పర్యావరణ ఆరోగ్య అధికారులు అభ్యంతరం తెలుపవచ్చు. అక్కడి చట్టమూ ఇరుగుపొరుగు వారికి నేరుగా అభ్యంతరం చెప్పే హక్కు ఇవ్వలేదు. ఆ లోటు మన చట్టంలో ఉండకూడదు.

ఈ విషయంలో మనకు దారి చూపగల చట్టం మన దేశంలోనే ఉన్నది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాలలో మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభకూ పంచాయతీలకూ దఖలు పరచాలని నిర్దేశించింది. మేడారం వంటి జాతరలో ఏది ఆచారమో, ఏది వ్యాపారమో తేల్చవలసినది అక్కడి ఆదివాసులే. వారికి చట్టం గుర్తించిన ఈ గౌరవం పట్టణంలోని వార్డు ప్రజలకు ఎందుకు ఉండరాదు?

కనుక మన కోర్కెలు మూడు. జనసమ్మర్దం గల వీధి ఉత్సవాలలో తాత్కాలిక మద్యం అనుమతి ఇచ్చే ముందు కనీసం పదిహేను రోజుల గడువుతో బహిరంగ ప్రకటన చేయాలి. స్థానికుల అభ్యంతరాలను లిఖితపూర్వకంగా స్వీకరించి, కారణాలు చూపి ఉత్తర్వు ఇవ్వాలి. ప్రార్థనాలయాలకు, బడులకు, ఆసుపత్రులకు దుకాణాల విషయంలో పాటించే దూరాన్ని తాత్కాలిక అమ్మకాలకూ తప్పనిసరి చేయాలి.

ఈ చివరి అంశంలో మన అశ్రద్ధ కూడా ఉన్నది. ఎక్సైజ్ నిబంధనలు ప్రార్థనాలయాన్ని నిర్వచించినప్పుడు వక్ఫ్ బోర్డులో నమోదైన మసీదునే పరిగణించాయి. నమోదు లేని మసీదు గోడ పక్కనే దుకాణం వచ్చినా కాగితం మీద అక్కడ మసీదే లేదు! ప్రతి మసీదు కమిటీ తన నమోదు పత్రాన్ని ఈ నెలలోనే వెతికి చూసుకోవాలి. లేనివారు దరఖాస్తు చేయాలి.

మరొక మాట, కొంచెం చేదైనది. మన ఉర్సుల సందర్భంగా ఊరి చివర వెలిసే బెల్టుషాపులను మనం చూసీచూడనట్లు పోవడం లేదా? మన మొహల్లాలలో సాయంత్రం వేళ మందు కోసం నిలబడే యువకులు పరాయివారా? మన ఇంటి ముంగిలి ఊడ్వకుండా పక్కింటి చెత్తను వేలెత్తి చూపితే వినేవారుండరు. ముందుగా మన ఉర్సు కమిటీలే తమ ఉత్సవ పరిసరాలలో మద్యం వద్దని తీర్మానించి అధికారులకు అందజేయాలి. అప్పుడు మన మాటకు బరువు వస్తుంది.

వినాయక మండపం నిర్వాహకులను, చర్చి పెద్దలను, మహిళా పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లను కలుపుకొని ఒకే వినతిపత్రం వ్రాయండి. దానికి రసీదు తీసుకోవడం మరువకండి. నోటిమాటగా చెప్పిన అభ్యంతరం గాలికి పోతుంది. ఫైలులో చేరిన అభ్యంతరానికి ఎవరో ఒకరు జవాబు వ్రాయక తప్పదు. ఈ సంగతి ఒక పాత గుమాస్తాకు బాగా తెలుసు.