మునగ గింజ నీళ్లని తేటపరుస్తుంది, అంతమాత్రాన తాగేయొచ్చని కాదు



మునగ గింజలతో బురద నీళ్లు తేటపడే వీడియో పెట్టిన దగ్గర్నుంచి ఫోన్లు ఆగట్లేదు. ఎర్రగా ఉన్న బకెట్టు నీళ్లు రెండు గంటల్లో అడుగు కనపడేలా అయ్యాయి. చూసినవాళ్లకి ముచ్చటేసింది, నాకూ వేసింది. అయితే ఎక్కువమంది అడిగింది ఒకటే: "అన్నా, ఇక ఫిల్టరు తీసేయొచ్చా? పిల్లలకి పట్టొచ్చా?" వీడియోలో నేను పట్టమని చెప్పలేదు. వద్దనీ చెప్పలేదు. ఆ రెండోది చెప్పకపోవడం నా తప్పు, అందుకే ఇది రాస్తున్నా.

ముందు గింజ సంగతి. ఇది మనం కొత్తగా కనిపెట్టింది కాదు. సూడాన్‌లో నైలు ఒడ్డు పల్లెల్లో ఆడవాళ్లు వరద నీళ్లని మునగ గింజతోనే తేటపరిచేవాళ్లు. మన దగ్గర దీనికి చిల్లగింజ వాడేవారు. కుండ లోపలి గోడకి చిల్లగింజ రుద్ది నీళ్లు పోస్తే తెల్లారేసరికి బురద అడుక్కి దిగేది. సుశ్రుత సంహితలోనే దాని ప్రస్తావన ఉంది. ఆ చెట్టు మన అడవుల్లోదే, ఇప్పుడు పిల్లలకి చూపిద్దామంటే మాత్రం వెతుక్కోవాలి. మునగ అయితే పెరట్లోనే ఉంది.

పని ఎలా చేస్తుందంటే, గింజలో నీళ్లలో కరిగే ఒక ప్రోటీన్ ఉంది. దానికి ధనావేశం, మట్టి రేణువులకి రుణావేశం. రెండూ అతుక్కుని ముద్దలు కట్టి కిందికి దిగుతాయి. బాక్టీరియాకి కూడా పైన రుణావేశమే, కాబట్టి అవీ చాలావరకు బురదతో పాటే అడుక్కి పోతాయి. పైగా ఆ ప్రోటీన్ కొన్ని బాక్టీరియాల పొరని చీల్చి చంపుతుంది కూడా. కాబట్టి "మునగ గింజ బాక్టీరియాని చంపుతుంది" అనే మాట అబద్ధం కాదు. ఎంత చంపుతుంది అన్న దగ్గరే మనం మోసపోతున్నాం.

బాగా చేస్తే నూటికి 90 నుంచి 99 దాకా తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. వినడానికి గొప్పగా ఉంది కదా, లెక్క వేద్దాం. వరద నీళ్లు 100 మిల్లీలీటర్లలో పది వేల ఈ.కోలి ఉన్నాయనుకోండి. 99 శాతం పోయినా 100 మిగులుతాయి. తాగే నీళ్లలో అదే 100 మిల్లీలీటర్లకి ఒక్కటి కూడా ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. చంటిపిల్లకి విరేచనాలు పట్టుకోవడానికి ఆ మిగిలిన ఒక్క శాతం చాలు.

ఇంకోటి మా ఇంట్లోనే జరిగింది. వరదలప్పుడు రెండు బిందెలు మునగతో తేటపరిచి పెట్టుకున్నాం. మొదటిరోజు నీళ్లు అద్దంలా ఉన్నాయి. మూడోరోజు మూత తీస్తే వాసన. అప్పటికే మా అమ్మ రెండు గ్లాసులు తాగేసింది, రెండు రోజులు మంచానికి అతుక్కుపోయింది. కారణం తర్వాత అర్థమైంది. గింజ రసంలో పనిచేసే ప్రోటీన్ కొంచెమే, మిగతా పదార్థమంతా నీళ్లలోనే ఉండిపోతుంది. బతికి ఉన్న బాక్టీరియాకి అది మేత. జీవామృతంలో మనం బెల్లం, పప్పుల పిండి ఎందుకు వేస్తాం? అదే ఇక్కడ మనకి తెలియకుండా జరుగుతుంది. ఒక రోజు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు.

అలాగని గింజని పక్కన పెట్టమనట్లేదు. దాని స్థానం మొదటి మెట్టు. చెట్టునే ఎండిన కాయ గింజలు తీసుకోండి, పచ్చికాయ గింజలు పనిచేయవు. విత్తనాల షాపులో రంగు పూసినవి ముట్టుకోవద్దు, అది మందు పట్టించిన విత్తనం. పొట్టు తీసి, తెల్లపప్పు మెత్తగా నూరి, కాస్త మంచినీళ్లలో కలిపి గుడ్డలో వడకట్టండి. కొంచెం మసకగా ఉన్న నీళ్లకి నాలుగు లీటర్లకి ఒక గింజ సరిపోతుంది. ఎర్రటి వరద నీళ్లకి లీటరుకి రెండు గింజలు కావాలి, అంటే 20 లీటర్ల బిందెకి 40. రసం పోశాక ముందు గబగబా ఒక నిమిషం, తర్వాత నెమ్మదిగా పదినిమిషాలు తిప్పి, రెండు గంటలు కదపకుండా వదిలేయండి. పై నీళ్లు మాత్రమే వంచుకోండి. నూనె తీసిన తర్వాత మిగిలిన మునగ చెక్క కూడా ఈ పనికి వస్తుంది.

ఆ తర్వాత తప్పకుండా మరగబెట్టాలి, బాగా తెర్లేదాకా. కట్టెలు లేకపోతే క్లోరిన్ బిళ్ల వేయండి. "క్లోరిన్ రసాయనం కదా అన్నా" అని ఒకాయన అడిగారు. పొలంలో వేయొద్దన్నది నిజమే, జీవామృతం డ్రమ్ములో క్లోరిన్ నీళ్లు పోస్తే మనం పెంచుకున్న సూక్ష్మజీవులే చస్తాయి. కానీ వరదలో పసిపిల్ల గొంతు దగ్గర ఈ పట్టుదల నాకు నచ్చదు. తేట నీళ్లలో క్లోరిన్ తక్కువే పడుతుంది, బాగా పనిచేస్తుంది, అక్కడే మన గింజ సాయపడుతుంది. ఎండ బాగా కాస్తే తేట నీళ్లని పారదర్శకమైన ప్లాస్టిక్ సీసాల్లో నింపి ఆరు గంటలు ఎండలో పెట్టడం ఇంకో దారి. వరదల రోజుల్లో ఆ ఎండ ఎక్కడిది, అది వేరే మాట.

ఫ్లోరైడ్, నైట్రేట్ ఉన్న బోరు నీళ్లకి దీంతో ఉపయోగం లేదు. అవి నీళ్లలో కరిగి ఉంటాయి, బురదలా దిగవు. నల్గొండ వైపు నుంచి ఫోన్ చేసినవాళ్లకి అదే చెప్పాను.

పొలంలో మాత్రం నిశ్చింతగా వాడుకోండి. కాలువ నీళ్లతో కషాయాలు కలిపితే స్ప్రేయరు నాజిల్ బురదతో మూసుకుపోతుంది. ఆ నీళ్లని మునగతో తేటపరిచి అదే రోజు కొట్టేయండి. డ్రిప్ ట్యాంకులో నిల్వ పెట్టొద్దు, పాచి పడుతుంది. జీవామృతం నీళ్లకి అసలు అవసరమే లేదు, అందులో బాక్టీరియాని చంపేది వేసి మనకేం లాభం?

జలజీవన్ మిషన్ కింద చాలా పంచాయతీలకి నీళ్లు పరీక్షించే చిన్న సీసాలు ఇచ్చారు. నీళ్లు పోసి ఉంచితే, మలం తాలూకు కాలుష్యం ఉంటే నల్లగా మారతాయి. ఒక సీసాలో కాలువ నీళ్లు, ఇంకోదాంట్లో మునగతో తేటపరిచినవి, మూడోదాంట్లో వాటినే మరగబెట్టి పోసినవి పెట్టి చూడండి. నేనూ ఆ మూడు సీసాలతో వీడియో తీస్తున్నా. పాత వీడియో మొదట్లో "మరగబెట్టకుండా తాగొద్దు" అని పెద్ద అక్షరాలతో చేర్చాను.