ఊరికే చూడ్డానికి వచ్చాను

"ఇక్కడేం పని?"

ఈ ప్రశ్న వినకుండా పెరిగిన హాస్టల్ విద్యార్థి ఉండడు. స్టడీ అవర్‌లో ప్రహరీ గోడ దగ్గర నిలబడితే వార్డెన్ సారు అడుగుతారు. సైనిక్‌పురిలో పెద్ద పెద్ద ఇళ్ళ మధ్య నుంచి నడిచి వెళ్తుంటే గేటు దగ్గర వాచ్‌మన్ అడుగుతాడు. మొన్న జనవరిలో ఒక ఆదివారం రైళ్ళ ఫోటోలు తీసుకుందామని కోస్తాకు వెళ్తే, ఒక స్టేషన్‌లో యూనిఫాంలో ఉన్నాయన నన్ను అదే అడిగాడు. నలభై దాటిన వయసు, ఒక ఉద్యోగం, జేబులో టికెట్టు, అన్నీ ఉన్నాయి. అయినా నోట మాట రాలేదు. ఎనిమిదో తరగతి కుర్రాడిలాగా చేతులు కట్టుకొని నిలబడ్డాను.

"పూర్వ విద్యార్థిగా వార్షికోత్సవ సంచికకు మీ అభిప్రాయం ఏదైనా రాయండన్నా" అని తమ్ముళ్ళు ఫోన్ చేశారు. చదువు మీద, క్రమశిక్షణ మీద రాసే పెద్దలు ఈ సంచికలో ఎలాగూ ఉంటారు. నేను ఈ ప్రశ్న గురించి రాస్తాను.

నాకు రైళ్ళ పిచ్చి పట్టింది మన హాస్టల్లోనే. నాచారంలో రాత్రి పది దాటి రోడ్డు మీద సద్దు తగ్గితే మౌలాలి వైపు నుంచి డీజిల్ ఇంజన్ల చప్పుడు వినిపించేది. అక్కడ లోకో షెడ్డు ఉంది కదా. ట్రంకుపెట్టెల మధ్య చాపల మీద పడుకొని, కూత విని అది గూడ్సా ప్యాసింజరా అని పందెం వేసుకునేవాళ్ళం. పందెం ఏమిటంటే పొద్దున ఉప్మాలో పల్లీలు. ఆదివారాలు నేను ఒక్కణ్ణే అమ్ముగూడ స్టేషన్ దాకా నడిచి వెళ్ళేవాణ్ణి. నిజాం కాలంలో మన్మాడ్ దాకా మీటర్ గేజిగా వేసిన లైను అది. చెట్టు కింద కూర్చుంటే రోజుకు నాలుగైదు బళ్ళు చూడొచ్చు. ఇంజన్ల నంబర్లు లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో రాసుకునేవాణ్ణి. ఒకరోజు ఒక సారు ఆ పేజీలు చూసి, "ఇవేం నంబర్లురా, మట్కా ఆడుతున్నావా?" అని చెవి మెలిపెట్టారు. ఎంత చెప్పినా నమ్మలేదు. హాస్టల్ పిల్లాడు నంబర్లు రాసుకుంటే మట్కా నంబర్లే అయ్యుంటాయి మరి!

ఇది డబ్బున్నవాళ్ళ సరదా అని మనలో చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 1942లో ఇంగ్లండ్‌లో సదరన్ రైల్వేలో గుమాస్తాగా పనిచేస్తున్న ఇయాన్ అలన్ అనే కుర్రాడు ఇంజన్ల నంబర్లన్నీ ఒక చిన్న పుస్తకంగా వేశాడు. యుద్ధం తర్వాత ఆ పుస్తకాలు చేతబట్టుకొని ప్లాట్‌ఫారాల చివర నిలబడి, చూసిన ఇంజనుకు పెన్సిల్‌తో గీత కొట్టుకున్న పిల్లల్లో కూలీల పిల్లలు చాలామంది ఉన్నారు. పెన్సిల్, పుస్తకం ఉంటే చాలు కదా. మన దేశంలోనూ ఇండియన్ రైల్వేస్ ఫ్యాన్ క్లబ్ 1989 నుంచి ఉంది. కానీ మన హాస్టల్ పిల్లలకు రైల్వే అంటే ఒకటే అర్థం, రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్ష. గ్రూప్ డి నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుంది, ఖాళీలెన్ని, కటాఫ్ ఎంత అని చూస్తాం. దాన్ని నేను తప్పుపట్టను. మా బ్యాచ్‌లో ముగ్గురు ట్రాక్‌మెన్ అయ్యి ఇళ్ళు నిలబెట్టుకున్నారు. నా బాధ ఏమిటంటే, ఆ ముగ్గురిలో ఒక్కడూ ఉద్యోగంలో చేరకముందు ఒక బండిని నిదానంగా నిలబడి చూసి ఉండడు.

ఇక ఆ ఆదివారం సంగతి. శనివారం సికింద్రాబాద్‌లో రాత్రి బండి ఎక్కితే అర్ధరాత్రి దాటాక చీరాలలో దింపింది. తెల్లవారేదాకా వెయిటింగ్ హాల్లో దోమలతో కాలక్షేపం. కోస్తా లైను అంటే రైలు కిటికీలోంచి సముద్రం కనపడుతుందని మన హైదరాబాదు పిల్లలు అనుకుంటారు, నేనూ అనుకున్నాను. కనపడదు. చీరాల స్టేషన్ నుంచి ఓడరేవు సముద్రం ఆరేడు కిలోమీటర్లు, బాపట్ల నుంచి సూర్యలంక తొమ్మిది. మధ్యలో ఇసుక, సరుగుడు తోటలు, కాలువ. పెదగంజాం దాకా కొమ్మమూరు కాలువ, అక్కడి నుంచి కిందికి బకింగ్‌హామ్ కాలువ. ఒకప్పుడు సరుకంతా ఆ నీళ్ళ మీద పడవల్లోనే నడిచింది. సముద్రం కంటికి కనపడకపోయినా గాలిలో తెలుస్తుంది. కెమెరా అద్దం మీద జిగురుగా పడుతుంది, చొక్కా కొనతో పదిసార్లు తుడుచుకున్నాను.

ఫోటో తీయడంలో నేర్చుకోవాల్సింది చాలా ఉంది. ఈ లైనుకు తూర్పున సముద్రం, పడమర పొలాలు. పొద్దున సముద్రం వైపు నిలబడితే ఎండ మన వీపు మీద పడి బండి మొహం వెలుగుతుంది. సాయంత్రం పొలాల వైపుకు మారాలి. బండి వేగం గంటకు 130 కిలోమీటర్లు అనుకుందాం. సెకనుకు 36 మీటర్లు. కెమెరా కన్ను సెకనులో వందో వంతు తెరుచుకుంటే ఆ లోపలే బండి 36 సెంటీమీటర్లు జరిగిపోతుంది, ఫోటోలో ఇంజను నీళ్ళలో నీడలా చెదురుతుంది. వెయ్యో వంతు పెడితే మూడున్నర సెంటీమీటర్లే జరుగుతుంది, నంబరు చదవొచ్చు. 22 బోగీల బండి మన ముందు నుంచి పోవడానికి పదిహేను సెకన్లు చాలు. తొమ్మిదో తరగతిలో వేగము, కాలము, దూరము లెక్కలు నాకు ఎప్పుడూ తప్పేవి. ఆ లెక్కలు అమ్ముగూడలో చెట్టు కింద చెప్పి ఉంటే తప్పేవి కావేమో.

తెల్లవారాక చెన్నై వైపు పినాకిని వెళ్ళింది. తర్వాత బొగ్గు గూడ్సులు రెండు. పదిన్నర ప్రాంతంలో సికింద్రాబాద్ - తిరుపతి వందే భారత్ వచ్చింది. 2023 ఏప్రిల్‌లో మొదలైన బండి ఇది. ఆ ఉదయమే మన చర్లపల్లి మీదుగా బయల్దేరి, నల్లగొండ, గుంటూరు దాటి నా ముందుకొచ్చింది. ఇంటి దగ్గర చూసే మనిషి పరాయి ఊళ్ళో ఎదురుపడినట్టు ఉంది. అంతకంటే సంతోషం ఇంకోటి. ఒక ఎక్స్‌ప్రెస్‌ని లాక్కొస్తున్న ఇంజను ఒంటి మీద ఎల్.జి.డి. అని మూడక్షరాలు కనపడ్డాయి. అంటే లాలాగూడ షెడ్డుది. తార్నాక పక్కనున్న లాలాగూడ! ఆరు వేల హార్స్‌పవర్ దాటిన ఇంజను మన పక్క బస్తీ పేరు మోసుకొని సముద్రం గాలిలో పోతుంటే, నేను ప్లాట్‌ఫారం మీద ఒక్కణ్ణే చెయ్యి ఊపాను. లోకో పైలట్ కూడా ఊపాడు. నిజం.

యూనిఫాం ఆయన అడిగింది ఆ తర్వాత, ఇంకో స్టేషన్‌లో. ఈ వ్యాసంలో పేరు రాసినవాటిలో అది లేదు. "ఊరికే చూడ్డానికి వచ్చానండీ" అన్నాను. "ఊరికే ఎవరైనా వస్తారా?" అన్నాడు. కెమెరా తీసుకొని ఫోటోలన్నీ ఒక్కొక్కటే చూశాడు. ఊరు, పని, చివరికి తండ్రి పేరు కూడా అడిగాడు. ఆయన డ్యూటీ ఆయనది, స్టేషన్‌లో కొత్త మనిషిని అడగాల్సిందే. కానీ అదే ప్లాట్‌ఫారం అవతలి కొసన ఇద్దరు కుర్రాళ్ళు నా కెమెరాకు మూడింతలున్న లెన్సులు పెట్టుకొని ఇంగ్లీషులో గట్టిగా మాట్లాడుకుంటూ ఫోటోలు తీస్తున్నారు. వాళ్ళ దగ్గరికి ఎవరూ పోలేదు. తర్వాత వాళ్ళతో మాట్లాడాను, మంచి పిల్లలు, బిస్కెట్లు కూడా పెట్టారు. "మిమ్మల్ని ఎప్పుడైనా ఆపారా?" అంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మధ్యాహ్నం దాటాక ఆటోలో స్టువర్టుపురం వెళ్ళాను. బాపట్లకూ చీరాలకూ మధ్య చిన్న స్టేషన్. పెద్ద బళ్ళు ఆగవు కాబట్టి పూర్తి వేగంతో పోతాయి, ఫోటోకు మంచిది. అందుకే వెళ్ళానని మొదట అనుకున్నాను.

ఆ ఊరి పేరు సినిమాల వల్ల అందరికీ తెలుసు, దొంగల ఊరని. ఎలా పుట్టిందో తక్కువమందికి తెలుసు. బ్రిటిష్‌వాళ్ళు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు, 1911లో మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. కొన్ని కులాలవాళ్ళు పుట్టుకతోనే నేరస్థులని రాసుకోవడం ఆ చట్టం. పేరు రిజిస్టర్‌లో ఎక్కాక పోలీసులకు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. ఎరుకల వాళ్ళను అలా ఒకచోట పెట్టడానికి 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటే ఈ ఊరు. హెరాల్డ్ స్టువర్ట్ అనే దొర పేరు పెట్టారు. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో.

అంతకుముందు వాళ్ళు ఏం చేసేవారు? మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి దీని మీద పరిశోధన చేసి 2001లో ఒక పుస్తకం రాశారు. ఎరుకల, కొరవ వాళ్ళు ఉప్పు వర్తకులు. కోస్తాలో ఉప్పు కొని పశువుల మీద వేసుకొని లోపలి ఊళ్ళకు తీసుకుపోయి ధాన్యానికి మారకం చేసేవారు. ఉప్పు మీద సర్కారు పెత్తనం వచ్చింది, రైళ్ళు వచ్చాయి. ఎద్దు వీపు మీద వెళ్ళే ఉప్పు వ్యాగన్లలో పోయింది. బతుకుదెరువు పోయి తిరుగుతున్న వాళ్ళను చూసి సర్కారు "ఇక్కడేం పని?" అంది, జవాబు నచ్చక చట్టం చేసింది. ఇవాళ అదే లైను పక్కన, చినగంజాం ఉప్పుమళ్ళకు పాతిక మైళ్ళ లోపే, వాళ్ళ ఊరు ఉంది. నేను అంతగా ప్రేమించే రైలుకు ఇందులో చెయ్యి ఉందని చదివినప్పుడు నాకు కష్టమనిపించింది. ప్రేమ పోలేదు గానీ, అప్పటి నుంచి బండిని చూసే చూపు మారింది.

ఇంకో సంగతి చెప్పకుండా దాటేస్తే ఈ వ్యాసం రాయడం అబద్ధమవుతుంది. మా గదిలో ఒక ఎరుకల కుర్రాడు ఉండేవాడు. ఎవరి పెన్ను పోయినా, సబ్బు పోయినా, కొబ్బరినూనె సీసా పోయినా అందరం వాడి పెట్టె వైపే చూసేవాళ్ళం. రెండుసార్లు తాళం తీయించాం. ఏమీ దొరకలేదు. తీయించినవాళ్ళలో నేనూ ఉన్నాను. దళితుడినై ఉండి, మట్కా నంబర్లని చెవి మెలిపెట్టించుకొని ఉండి, నేనూ ఉన్నాను. పదో తరగతి మధ్యలో వాడు వెళ్ళిపోయాడు. ఎందుకని మేం ఎవరమూ అడగలేదు.

స్టువర్టుపురం ప్లాట్‌ఫారం మీద ఒక పెద్దాయన బెంచీ మీద కూర్చొని ఉన్నాడు. నేను కెమెరా తీయగానే, "ఏ పేపరు బాబూ?" అన్నాడు. అనుమానంగానే అడిగాడు, కెమెరాలు వాళ్ళ ఊరి గురించి ఏం రాయించాయో ఆయనకు తెలుసు. "పేపరు కాదు పెద్దాయనా, రైళ్ళు చూడ్డానికి వచ్చాను" అన్నాను. నవ్వాడు. "నేనూ అందుకే వస్తా" అన్నాడు. మేమిద్దరం రెండు గంటలు కూర్చున్నాం. ఏ బండి ఎప్పుడొస్తుందో టైంటేబుల్ లేకుండా చెప్పాడు, ఒక్కటే తప్పింది, అదీ బండి లేటవడం వల్ల. జనరల్ బోగీల తలుపుల్లో కాళ్ళు వేలాడేసి కూర్చున్నవాళ్ళను చూపిస్తూ, "వాళ్ళను తియ్యి, ఇంజను ఎప్పుడూ అదేగా" అన్నాడు. తీశాను. ఈ లైను మీదుగా చెన్నైకి వెళ్ళే కోరమండల్ ఎక్స్‌ప్రెస్ 2023 జూన్ 2న ఒడిశాలో బాలాసోర్ దగ్గర ప్రమాదానికి గురైనప్పుడు 290 మందికి పైగా పోయారు. రిజర్వేషన్ లేని బోగీలవాళ్ళ పేర్లు ఏ చార్టులోనూ లేవు, శవాలు ఎవరివో తేలడానికి వారాలు పట్టింది. ఆ తలుపుల్లో కూర్చునేది మన అన్నలూ బాబాయిలే.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ప్రతి సంవత్సరం హాస్టల్ టూర్ అంటే సాగర్‌కో తిరుపతికో బస్సు కట్టిస్తాం. ఒక్క ఏడాది పిల్లల్ని ప్యాసింజరు బండిలో కోస్తా లైను మీద ఏదైనా చిన్న స్టేషన్‌కి తీసుకెళ్ళండి. ఖర్చు బస్సు కంటే తక్కువే అవుతుంది. ఒక్కొక్కరికి ఒక నోటుబుక్కు ఇచ్చి, రోజంతా చూడనివ్వండి. వ్యాసం రాయమనొద్దు, మార్కులు వేయొద్దు. స్టేషన్ మాస్టరుకు ముందే ఉత్తరం రాసి పెట్టుకుంటే "ఇక్కడేం పని?" అన్నవాళ్ళకు పిల్లలు ఉత్తరం చూపించనక్కర్లేకుండా నోటితోనే జవాబు చెప్పే ధైర్యం వస్తుంది. "మెస్‌లో కూర సరిగ్గా లేదు, బాత్రూమ్ తలుపులు లేవు, నీకు రైళ్ళా?" అని మా బ్యాచ్ మిత్రుడొకడు ఇప్పటికే తిట్టాడు. తలుపుల కోసం కొట్లాడదాం, నేనూ వస్తాను. కానీ తలుపులు పెట్టించేదాకా పిల్లల కళ్ళు మూసి ఉంచమనడం నాకు సమ్మతం కాదు.

జాగ్రత్తలు మాత్రం గట్టిగా చెప్పాలి. ప్లాట్‌ఫారం, ఫుట్‌ఓవర్ బ్రిడ్జి, ఈ రెండే నిలబడే చోట్లు. పట్టాల మీదికి దిగడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం, అంతకంటే ముందు ప్రాణానికి ముప్పు. పైన తీగల్లో 25,000 వోల్టులు. సెల్ఫీల కోసం పట్టాల మీద నిలబడేవాళ్ళు రైలు ప్రేమికులు కాదు, వాళ్ళు బండిని చూడనే చూడరు, వీపు తిప్పుకుంటారు.

టూర్ పెడితే నేను వస్తాను, ఆదివారమైతే చాలు. నా కెమెరా కూడా ఇస్తాను. పాతదే, బ్యాటరీ మూత ఊడిపోతుంటుంది, రబ్బరు బ్యాండు వేసుకోవాలి. స్టువర్టుపురం పెద్దాయనకు ఆయన ఫోటో ప్రింటు తీయించి పెట్టాను. పోస్టులో వేద్దామనుకున్నాను గానీ అడ్రసు అడగడం మర్చిపోయాను. బెంచీ దగ్గరికే తీసుకెళ్ళి ఇవ్వాలి.