అడ్డా మీది కూలీకి మేస్త్రీ కనిపించేవాడు

ఎల్‌బీ నగర్ వైపు కూడళ్లలో తెల్లవారగానే టిఫిన్ డబ్బా, తాపీ పట్టుకొని పని కోసం నిలబడే కూలీలను ఈ ప్రాంతపు పాఠకులు ఎరుగుదురు. దాన్ని అడ్డా అంటాం. మేస్త్రీ వస్తాడు, బేరం కుదురుతుంది, ఆటో ఎక్కుతారు. అదే రోడ్డు మీద ఇప్పుడు ఇంకో అడ్డా ఉంది. దిల్‌సుఖ్‌నగర్ బిర్యానీ హోటళ్ల ముందు, కొత్తపేట లోపలి వీధుల్లో, మెట్రో స్తంభాల నీడలో బైకుల మీద కూర్చొని ఫోన్ వైపు చూస్తుండే యువకులే ఆ అడ్డా. వాళ్ల దగ్గరికి మేస్త్రీ రాడు. ఫోన్ మోగుతుంది, అంతే.

ఎవరు వీళ్లు? దిల్‌సుఖ్‌నగర్ అంటే చాలాకాలంగా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ వైపు నుంచి గ్రూప్స్ కోసమో, పోలీసు ఉద్యోగం కోసమో, కంప్యూటర్ కోర్సు కోసమో వచ్చినవాళ్లు ఇక్కడ దిగుతారు. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో మొదలయ్యాక రాకపోకలూ సులువయ్యాయి. నోటిఫికేషన్ ఆలస్యమైనా, కోర్సు అయిపోయి ఉద్యోగం రాకపోయినా హాస్టల్ ఫీజు మాత్రం ఆగదు. అప్పుడు బైకు ఉన్నవాడు ఫోన్‌లో యాప్ వేసుకుంటాడు. పగలు సాఫ్ట్‌వేర్ రాయడం నేర్చుకుంటాడు, రాత్రి సాఫ్ట్‌వేర్ చెప్పిన వీధికి పోతాడు.

ఈ పనిని తిట్టిపోయడం మా ఉద్దేశం కాదు. సిఫారసు అడగకుండా, కులం అడగకుండా, రెండు రోజుల్లో పని ఇచ్చే చోటు మన ఊళ్లో ఇంకెక్కడుంది? ఇంటికి డబ్బు పంపుతున్న యవ్వనస్థులు మన సంఘాల్లోనే ఎంతోమంది ఉన్నారు. సాంకేతికత పని తీసేస్తుందని అందరూ భయపడుతున్న రోజుల్లో ఇది పని ఇచ్చిన సాంకేతికత. అయితే అది యజమానిని కనబడకుండా చేసింది. అసలు చిక్కు అక్కడే ఉందని మేము అనుకుంటున్నాం.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట ఉపమానాన్ని ఒకసారి ఈ కళ్లతో చదవండి. అదీ అడ్డా కథే. యజమాని తానే సంతవీధికి వస్తాడు, ఒక్కసారి కాదు, రోజంతా వస్తూనే ఉంటాడు. పొద్దున వచ్చినవారితో దినానికి ఒక దేనారమని ముందే ఒడబడతాడు. సాయంత్రం కూలి విషయంలో కొందరు సణుగుతారు. వాళ్ల సణుగుడు న్యాయమా కాదా అన్నది వేరే ప్రసంగం. మనం గమనించవలసింది, వాళ్లు ఎవరి ముందు సణిగారన్నది. యజమాని ఎదురుగా ఉన్నాడు, విన్నాడు, జవాబు చెప్పాడు.

యాప్ కింద పనిచేసేవాడికి ఆ ఎదుటి మనిషి లేడు. నిన్న ఒక ఆర్డర్‌కు వచ్చినంత ఈరోజు అదే దూరానికి రాకపోతే ఎందుకని అడగడానికి ఎవరూ ఉండరు. ఇన్సెంటివ్‌కు రెండు ఆర్డర్లు తక్కువైన రాత్రి కొత్త ఆర్డర్లు ఎందుకు రాలేదో తెలియదు. లిఫ్ట్ పనిచేయని అపార్ట్‌మెంట్లో అయిదో అంతస్తు ఎక్కి ఆలస్యమైతే కస్టమర్ ఇచ్చే ఒక్క చుక్క రేటింగు వాడి ఖాతాలో పడుతుంది. ఒక పొద్దున ఐడీ బ్లాక్ అయితే అదే ఉద్యోగం పోవడం. ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు పలుకుతుంది. పైగా కాగితాల మీద వాడి పేరు కార్మికుడు కాదు, ‘భాగస్వామి’. లాభంలో భాగం లేని భాగస్వామ్యం ఇది. బండి వాడిది, పెట్రోలు వాడిది, ప్రమాదం జరిగితే కాలూ వాడిదే.

చట్టం ఆలస్యంగానైనా కదిలింది. నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం దేశంలో 2020-21 నాటికి 77 లక్షల మంది గిగ్ కార్మికులున్నారు. 2029-30 నాటికి ఆ సంఖ్య 2.35 కోట్లకు చేరుతుందని అంచనా. 2020 సామాజిక భద్రతా కోడ్ వీళ్లను మొదటిసారి నిర్వచించింది గానీ, అది అమల్లోకి రావడానికి 2025 నవంబర్ 21 దాకా ఆగవలసి వచ్చింది. కంపెనీలు తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం సంక్షేమ నిధికి ఇవ్వాలని ఆ కోడ్ చెబుతోంది. మన రాష్ట్రంలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2023 డిసెంబర్‌లో గిగ్ కార్మికులతో సమావేశమై 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించారు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన తెలంగాణ ముసాయిదా బిల్లు నిధితో ఆగలేదు. కారణం చెప్పకుండా పనిలోంచి తీసేయకూడదనీ, ఫిర్యాదు వినే ఏర్పాటు ఉండాలనీ అంది. మా దృష్టిలో బీమా కన్నా ఈ మాటే పెద్దది. బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఉబర్ డ్రైవర్లు స్వతంత్ర వ్యాపారులు కారు, కార్మికులేనని తేల్చింది కూడా ఈ దారిలోనే: రేటు నీవే పెట్టి, పని నీవే అదుపు చేస్తున్నప్పుడు యజమానివి నీవే.

2025 డిసెంబర్ 31న గిగ్ కార్మికులు సమ్మె చేశారు. ఆ తర్వాత జనవరిలో కేంద్ర కార్మిక మంత్రి మన్‌సుఖ్ మాండవీయ జోక్యంతో బ్లింకిట్ తన ప్రకటనల నుంచి ‘10 నిమిషాలు’ అనే మాట తీసేసింది. మాట పోయింది, మంచిదే. తొందర పోయిందా లేదా అన్నది కొత్తపేట సిగ్నల్ దగ్గర పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది.

ఇక మన సంగతి. ఆదివారం ఆరాధన ముగించుకొని ఇంటికి రాగానే బిర్యానీ ఆర్డర్ పెట్టే కుటుంబాలు మనలో తక్కువేమీ కాదు. ఆ బిర్యానీ తెచ్చేవాడు ఆరు నెలలుగా మందిరానికి రాని మన క్వాయర్ కుర్రాడే కావచ్చు, ఎందుకంటే వారాంతంలోనే ఇన్సెంటివ్ ఎక్కువ. ‘సంఘంలో యవ్వనస్థులు తగ్గిపోతున్నారు’ అని బాధపడే కాపరులు, పెద్దలు వాళ్ల డ్యూటీ వేళలు ఏమిటో ఒకసారి అడగాలి. ఆదివారం రాలేనివారికి వారం మధ్యలో రాత్రి పది తర్వాత ఒక సహవాసం పెట్టలేమా?

ఇంకో చిన్న పని. పన్నెండు గంటలు రోడ్డు మీద ఉండేవాడికి మూత్రానికి చోటు లేదు. ఈ పనిలో ఉన్న ఆడపిల్లల అవస్థ చెప్పనవసరం లేదు. చెన్నై కార్పొరేషన్ 2025లో అన్నా నగర్‌లో గిగ్ కార్మికుల కోసం ఏసీ విశ్రాంతి గది కట్టింది. మలక్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా మందిరాలున్నాయి. వాటిలో టాయిలెట్లు, కుళాయిలు ఉన్నాయి. వారంలో ఆరు రోజులు గేటుకు తాళం ఉంటుంది. ఆ తాళం తీయడానికి కమిటీ తీర్మానం ఒక్కటి చాలు. రెండో ఆరాధన తర్వాత ఒక బల్ల వేసి, కంప్యూటర్ తెలిసిన ఇద్దరిని కూర్చోబెడితే ఈ-శ్రమ్ నమోదూ చేయించవచ్చు. ఆధార్, దానికి కలిపిన ఫోన్ నంబరు తెచ్చుకొమ్మని ముందు వారమే ప్రకటించాలి.