ప్రసంగం అయ్యాక ఇరవై నిమిషాలు ఇవ్వండి

సంఘకాపరులకు, పెద్దలకు, సాటి విశ్వాసులకు:

వినడం వల్లే విశ్వాసం కలుగుతుందని పౌలు రోమా సంఘానికి రాశాడు. ఆ మాట మన మందిరాల గోడల మీద ఉంది. కానీ మన ఆరాధనలో వినడమంటే కదలకుండా కూర్చోవడమే అయిపోయింది. గంట ప్రసంగం, కానుకలు, ప్రకటనలు, ఆశీర్వాదం. గేటు దాటేసరికి ఏ అధ్యాయం చదివారో చాలామందికి గుర్తుండదు.

బైబిలు చూపే పద్ధతి ఇది కాదు. ఎజ్రా ధర్మశాస్త్రం చదివితే లేవీయులు జనానికి అర్థం వివరించారు. అర్థమైనవాళ్ళు ఏడ్చారు, ఆ నెలలోనే పర్ణశాలలు కట్టి పండుగ ఆచరించారు. పెంతెకొస్తు నాడు పేతురు బోధ విన్నవాళ్ళు తామేం చేయాలని అడిగారు. జవాబు విన్నాకే దాదాపు 3,000 మంది బాప్తిస్మం పొందారు. బెరయవాళ్ళు పౌలు బోధను సైతం రోజూ లేఖనాలతో సరిచూసుకున్నారు. అపొస్తలుల కార్యములు వాళ్ళను మెచ్చుకుందే గాని తప్పుపట్టలేదు.

మన ఒంగోలు ప్రాంత చరిత్రా ఇదే చెబుతుంది. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్విన కూలీలకు మిషనరీ జాన్ క్లౌ, తెలుగు బోధకులు సువార్త చెప్పారు. కూటి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని, కరువు పని సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపారు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చెప్పి ఊరుకోలేదు, విన్నవాళ్ళు మనసారా ఇచ్చే జవాబు కోసం ఆగారు.

అందుకే మా విన్నపాలు:

1. ప్రసంగం నలభై నిమిషాల్లో ముగించి, మిగతా ఇరవై నిమిషాలు విశ్వాసులను చిన్న గుంపులుగా కూర్చోబెట్టండి.
2. రెండే ప్రశ్నలు అడగండి: అర్థం కానిదేమిటి? ఈ వారం చేయాల్సిందేమిటి?
3. స్త్రీలకు, యువతకు వేరే గుంపులు పెట్టండి. చదువురానివారికి వాక్యభాగం మళ్ళీ చదివి వినిపించండి.
4. తేలని ప్రశ్నలకు కాపరిగారు వారం మధ్య బైబిలు స్టడీలో జవాబివ్వాలి.

ప్రశ్నలడిగితే కాపరిగారి గౌరవం తగ్గుతుందని కొందరి భయం. బెరయలో పౌలు గౌరవం తగ్గలేదు. వాదులాటలు రేగుతాయని మరికొందరంటారు. మందిరంలో అడగనివ్వకపోతే ఆ సందేహాలు పోవు, అరుగుల మీద పుకార్లవుతాయి.

వాక్యం విని చేయనివాడు తనను తానే మోసగించుకుంటాడని యాకోబు హెచ్చరించాడు. వచ్చే కమిటీ సమావేశంలోనే ఈ తీర్మానం పెట్టండి. మూడు నెలలు ఆచరించి, ఫలితం చూసి నిర్ణయించండి.

ఇట్లు,
సాటి విశ్వాసులు