పొయ్యి వెలిగించడం నేరమా?

2014 జూన్ 27 తెల్లవారుజామున అప్పటి తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపులైను పేలింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. వారిలో స్త్రీలు, పిల్లలు ఉన్నారు. టీ దుకాణంలో పొయ్యి వెలిగించడంతో మంట అంటుకుందని పత్రికలు రాశాయి. ఆ మాట చదివినప్పటి నుంచీ నన్నొక ప్రశ్న వదలడం లేదు. తెల్లవారితే పొయ్యి వెలగని ఊరు ఉంటుందా? అది ప్రమాద కారణం ఎలా అయింది?

అసలు కారణం పైపులో ఉంది. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో నీరు, ద్రవ ఇంధనం కలిసిన తడి గ్యాస్ పంపారు. లోపల తుప్పు పట్టింది. తేమను తీసే ఏర్పాటు చెయ్యలేదని విచారణలో తేలింది. లీకుల గురించి ముందే చెప్పినా పట్టించుకోలేదని గ్రామస్థులు అన్నారు.

ఇది మొదటిది కాదు. 1995లో పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి 65 రోజులు మండింది. 1997 సెప్టెంబర్ 14న విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో వంటగ్యాస్ లీకైంది. గాలి కంటే బరువైన ఆ గ్యాస్ నేలబారున పాకి, నిప్పు తగిలి పేలింది. సుమారు 60 మంది బలయ్యారు.

ప్రమాద అంచనా నివేదికలు కొన్ని చదివాను. ఎంత లీకైతే మంట ఎంత దూరం పోతుంది, అలా జరిగే అవకాశం ఎంత అన్న లెక్కలు అవసరమే. కానీ వాటిలో జనం ఒక అంకె మాత్రమే. పగలు ఇళ్ల దగ్గర ఉండేదెవరు, బాలింతలను, మంచం పట్టినవాళ్లను బయటికి తెచ్చేదెవరు అన్నది ఆ అంకె చెప్పదు. పైపులైను పక్కనున్న ఒక ఊళ్లో అవగాహన సదస్సు మధ్యాహ్నం పెట్టారు. ఆడవాళ్లంతా కోతల్లో ఉన్నారు. సాయంత్రం నేను అడిగితే, గ్యాస్ వాసన వస్తే ఎవరికి చెప్పాలో ఒక్కరికీ తెలియదు.

నివారణ మొదట కంపెనీ బాధ్యత. గొట్టం మందం కొలవాలి, తుప్పు పరీక్షించాలి, లీకును పసిగట్టి వాల్వులు వాటంతటవే మూసుకునే ఏర్పాటు ఉండాలి. ఇవి చెయ్యకుండా ఊరికి జాగ్రత్తలు చెప్పడం నేరాన్ని బాధితుల మీదికి నెట్టడమే.

అయితే తెలుసుకునే హక్కు మనది. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం ప్రమాద పరిధిలోని ప్రజలకు సమాచారం ఇవ్వాలి. ఫ్యాక్టరీ వెలుపలి అత్యవసర ప్రణాళికకు ఏడాదికొకసారైనా రిహార్సల్ జరపాలి. 1996 నిబంధనల కింద ఏర్పడే స్థానిక సంక్షోభ బృందాల్లో స్వచ్ఛంద సంస్థలకు, సామాజిక కార్యకర్తలకు చోటుంది. మీ ప్రాంతంలో ఆ బృందం ఉందా? అందులో స్త్రీలెందరు? చివరి రిహార్సల్ ఎప్పుడు జరిగింది? కలెక్టర్‌ను రాతపూర్వకంగా అడుగుదాం. జవాబు వచ్చాక ఆడవాళ్లు ఇంటి దగ్గరుండే వేళ ఊళ్లో చదివి వినిపిద్దాం.

పొయ్యి వెలిగించే చెయ్యి భయపడకూడదు. భయపడాల్సింది గొట్టాన్ని తుప్పు పట్టనిచ్చినవాళ్లు.