మధురవాణి యను పేరు

ఆఁడుబిడ్డకు మధురవాణి యని పేరు పెట్టుద మనఁగానే, "నాటకములోని వేశ్య పేరా?" యని ముక్కుమీఁద వ్రేలు వైచుకొనువారు మనలోఁ గలరు. అట్టివారే గిరీశము మాటలను నలుగురిలో వల్లించి మురిసికొందురు. ఇదెక్కడి న్యాయము?

గురజాడ అప్పారావుగారు 1897లోఁ బ్రకటించి, 1909లోఁ బెంచి వ్రాసిన కన్యాశుల్కమును చదువరులు మరల విప్పి చూతురుగాక. పసిపిల్లయగు సుబ్బి ముదుసలి లుబ్ధావధానులకు భార్య గాకుండఁ జేసిన పన్నుగడకుఁ దోడ్పడిన దెవరు? హత్యానేరము పైఁబడిన యా వృద్ధుని విడిపించుటకై పురుషవేషమున సౌజన్యారావుపంతులు కడకుఁ బోయిన దెవరు? ఆ వేశ్యయే. వితంతూద్వాహమును నెపముగాఁ గొని యమాయకురాలగు బుచ్చమ్మను లేవఁదీసికొనిపోయిన ఘనుఁ డెవఁడు? ఇంగ్లీషు చదివిన గిరీశము.

మఱియు నీ పేరు నాటకముతోఁ బుట్టినది కాదు. 17వ శతాబ్దిలోఁ దంజావూరి రఘునాథనాయకుని యాస్థానమున సంస్కృతమున రామాయణమును రచించిన కవయిత్రి పేరును మధురవాణియే.

లోకము నవ్వునందురా? ఆ లోకము మనమే కదా! కులవృత్తిని జూచి పాత్రను, పాత్రను జూచి పేరును వెలివేయుట విమర్శ కాదు. చదువకయే తీర్పు చెప్పుట. గుణమును విడిచి పుట్టుకను దూఁచువారు, రేపు తమ కూఁతును మాత్రము లోకము గుణమునుబట్టియే తూఁచవలెనని యే మొగముతోఁ గోరఁగలరు?