తాకట్టు బంగారంతో ప్రకటనలా? – ఆన్‌లైన్ అంకుర సంస్థలకు నిధుల మార్గాలు

తమిళనాడులోని విరుదునగర్ జిల్లా, రాజపాళయం సమీపాన ఉన్న చోళపురం పరిసరాల్లో ఇంటి మాట తెలుగు, బడి చదువు తమిళం అయిన కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. నూలు మిల్లులకు, సత్తిరపట్టి బ్యాండేజి గుడ్డకు, పడమటి కనుమల పాదాన పండే మామిడికి ఈ ప్రాంతం పేరొందినది. ఇటువంటి ఊరిలో చదువు ముగించిన యువకుడో, యువతియో స్థానిక సరకును ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థను తలపెట్టినప్పుడు ఇంటిల్లిపాదినీ కలవరపరచే ప్రశ్న ఒక్కటే: పెట్టుబడి ఎక్కడిది? అమ్మ నగలు కుదువ పెట్టాలా, చీటీ పాడుకోవాలా, లేక పట్టణపు మదుపరి కొరకు ఎదురు చూడాలా?

ఈ ప్రశ్న నేడు ఒక్క ఇంటిది కాదు. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 16న స్టార్టప్ ఇండియా కార్యక్రమాన్ని ప్రారంభించగా, 2025 జనవరి నాటికి ప్రభుత్వ గుర్తింపు పొందిన అంకుర సంస్థల సంఖ్య 1.59 లక్షలకు చేరింది. వార్తల్లో మాత్రం కోట్లకు కోట్లు పెట్టుబడి పొందిన సంస్థల పేర్లే వినిపిస్తాయి. దానితో ముందు ధనం, తరువాత ప్రచారం, ఆ తరువాతనే కొనుగోలుదారు అన్న అభిప్రాయం గ్రామాలకు సైతం పాకింది. అనుభవం చెప్పేది ఇందుకు భిన్నంగా ఉంది.

మిల్లు వేరు, ఆన్‌లైన్ దుకాణం వేరు

రాజపాళయంలో పి.ఏ.సి. రామస్వామి రాజా 1936లో రాజపాళయం మిల్స్‌ను స్థాపించారు. మిల్లుకు స్థలం, భవనం, యంత్రాలు ముందే కావాలి. అవి సమకూరితే గాని మొదటి నూలుకండె బయటకు రాదు. అందుచేత పెద్ద మూలధనం ముందుగా సమీకరించక తప్పదు. పెట్టుబడి గురించి ఈ ప్రాంత పెద్దల ఆలోచన ఆ మిల్లుల నీడలోనే పెరిగిందనవచ్చు. కాని ఆన్‌లైన్ దుకాణపు వరుస ఇందుకు విరుద్ధం. ఒక ఫోను, కొన్ని ఛాయాచిత్రాలు, పార్సెలు పంపే సదుపాయం ఉంటే మొదటి అమ్మకం జరిగిపోతుంది. 2016లో మొదలైన యూపీఐ వలన సొమ్ము పుచ్చుకోవడానికి సైతం ప్రత్యేక యంత్రం అక్కరలేదు. ఇక్కడ కొనుగోలుదారు ముందు, మూలధనం తరువాత.

తెలుగు యువకులు స్థాపించిన రెడ్‌బస్ చరిత్ర ఇందుకు తగిన నిదర్శనం. 2005 దీపావళికి బెంగుళూరు నుండి స్వస్థలానికి వెళ్లడానికి బస్సు టిక్కెట్టు దొరకని ఫణీంద్ర సామా, తన బిట్స్ పిలానీ మిత్రులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి 2006లో ఆ సంస్థను ఆరంభించారు. తొలి పెట్టుబడి వారు కూడబెట్టుకున్న 5 లక్షల రూపాయలు. బస్సు యజమానుల కొరకు తయారు చేసిన సాఫ్ట్‌వేర్‌ను ఇవ్వజూపగా వారు ఆసక్తి చూపలేదు. అప్పుడు కొన్ని సీట్లు మాత్రం తీసుకొని తామే అమ్మి చూపారు. పత్రికల్లో పెద్ద ప్రకటనలు లేవు. సాఫ్ట్‌వేర్ కంపెనీల ఉద్యోగులకు స్వయంగా కార్డులు పంచారు. అమ్మకం రుజువైన తరువాతనే, 2007లో, సీడ్‌ఫండ్ అనే మదుపు సంస్థ వారికి ధనం సమకూర్చింది.

ఆ కథకు 2013లో మరొక మలుపు వచ్చింది. ఐబిబో గ్రూపు రెడ్‌బస్‌ను కొనుగోలు చేసింది. మదుపరి సొమ్ము తీసుకొన్న దారి సాధారణంగా ఇటువంటి అమ్మకానికో, షేర్ మార్కెట్టుకో చేరుతుంది. ఇది తప్పు కాదు. ఐతే దారి మొదట్లోనే కుటుంబానికి తెలిసి ఉండవలసిన విషయం.

రెండవ దారి చోళపురానికి పొరుగునే కనిపిస్తుంది. తెన్‌కాశి సమీపాన మత్తళంపారై గ్రామంలో కార్యాలయం నెలకొల్పిన జోహో సంస్థ, 1996లో అడ్వెంట్‌నెట్ పేరుతో మొదలై, బయటి మదుపరుల ధనం లేకుండానే కొనుగోలుదారుల చెల్లింపులతో ఎదిగింది. ఎదుగుదలకు కాలం పట్టింది. యాజమాన్యం మాత్రం చేయి దాటలేదు.

ప్రకటన ఖర్చు ఎంతవరకు?

ప్రచారానికి పెట్టిన ప్రతి రూపాయి తిరిగి రావడానికి ఎన్ని అమ్మకాలు కావాలో లెక్క వేయడం తొలి పాఠం. ఉదాహరణకు మామిడి పెట్టెలు అమ్మే సంస్థ ఒకటి సామాజిక మాధ్యమాల్లో 10,000 రూపాయలు వెచ్చించగా 40 మంది కొన్నారనుకొందాం. ఒక్కొక్క కొనుగోలుదారుకు పడిన ఖర్చు 250 రూపాయలు. అన్ని ఖర్చులు పోను పెట్టెకు 90 రూపాయలు మిగిలితే, ఆ మనిషి మూడు సార్లు కొంటే గాని ప్రకటన సొమ్ము తిరిగి రాదు. మామిడి కాలం స్వల్పం. మూడవ పెట్టెకు కాలమే ముగియవచ్చు. అదే సరకు, కొన్న వారొకరు మరొకరికి చెప్పగా అమ్ముడైతే ఖర్చు నామమాత్రం.

పెద్ద సంస్థలు సైతం ఈ లెక్కకు అతీతం కాదని బైజూస్ ఉదంతం చాటింది. 2019 నుండి భారత క్రికెట్ జట్టు దుస్తులపై ఆ పేరు మెరిసింది. 2022 ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలకు సైతం ఆ సంస్థ ప్రాయోజకురాలు. ఆ ఏడాదే దాని విలువ 22 బిలియన్ డాలర్లుగా లెక్కించబడింది. కాగా 2024 జూలైలో దానిపై దివాలా ప్రక్రియ మొదలైంది. అందుకు కారణమైన పిటిషను, సుమారు 158 కోట్ల రూపాయల ప్రాయోజక బకాయిల కొరకు క్రికెట్ బోర్డు వేసినదే కావడం గమనార్హం. పేరు తెచ్చిన ప్రచారపు బాకీయే న్యాయపీఠం మెట్లెక్కించింది.

తక్కువ ఖర్చు ప్రచారంలో చోళపురం వంటి ఊళ్లకు సహజమైన బలమొకటి ఉంది. ఇక్కడి వారికి రెండు భాషలు వచ్చు. ఒకే సరకు గురించి మదురై వారికి తమిళంలో, తిరుపతి వారికి తెలుగులో స్వయంగా చెప్పగలరు. పెళ్లిళ్లు, తిరునాళ్లు, చదువుల మూలంగా రెండు వైపులా చుట్టరికాలు ఉంటాయి. సరకు ఎవరి తోటది, ఏ నాడు కోసినది, చెడితే ఏమి చేస్తారు అన్న మూడు సంగతులు దాపరికం లేకుండా వాట్సాప్‌లో తెలియజేయడం, చెడిన దానికి వెంటనే సొమ్ము తిరిగి ఇవ్వడం, ఏ ప్రకటనకూ తీసిపోని ప్రచారం.

ఐతే ఎల్లలు దాటే అమ్మకానికి ఒక నిబంధన ఉంది. పన్ను వర్తించే సరకును ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి అమ్మేవారు, వ్యాపారం ఎంత చిన్నదైనా, సాధారణంగా జీఎస్టీ నమోదు చేసుకోవాలి. కొన్ని హస్తకళా వస్తువులకు సడలింపు ఉంది. తాజా పండ్ల వంటి పన్ను లేని సరకు మాత్రమే అమ్మేవారికి ఈ నమోదు అవసరం లేదు. వైద్యానికి వాడే బ్యాండేజి గుడ్డ వంటి వాటికి అనుమతులు వేరుగా ఉంటాయి. ఈ విషయాలు ఆడిటరును అడిగి తెలుసుకొన్న పిమ్మటనే ఎల్ల దాటడం క్షేమం.

నిధులకు మెట్ల వరుస

మొదటి మెట్టు కొనుగోలుదారు ముందుగా ఇచ్చే బయానా. కోత కాలానికి ముందే పెట్టెలకు సొమ్ము కట్టించుకొంటే అప్పు తగ్గుతుంది, గిరాకీ కూడా తేలుతుంది. మాట తప్పితే సొమ్ము తిరిగి ఇవ్వగల స్థితి మాత్రం ఉండాలి.

రెండవది సొంత పొదుపు, దగ్గరి బంధువుల సహాయం. ఇక్కడ జాగ్రత్త అత్యవసరం. వడ్డీ ఆశ చూపి ఊరందరి నుండి చిన్న చిన్న మొత్తాలు వసూలు చేయడం, 2019 నాటి క్రమబద్ధం కాని డిపాజిట్ల నిషేధ చట్టం కిందకు రావచ్చు. వ్యక్తి తన బంధువుల వద్ద తీసుకొనే అప్పుకు అందులో మినహాయింపు ఉంది. వాటాలు కొనండని ప్రజలందరినీ పిలిచే అధికారం ప్రైవేటు కంపెనీకి లేదు. ఆన్‌లైన్ వేదికల ద్వారా సాగే ఇటువంటి వాటాల విక్రయాల పట్ల సెబీ 2016లోనే మదుపరులను హెచ్చరించింది.

మూడవది ప్రభుత్వ సహాయం. 945 కోట్ల రూపాయలతో 2021లో ప్రకటించిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకం, ఎంపికైన సంస్థలకు ఆలోచనను రుజువు చేసుకొనడానికి 20 లక్షల వరకు గ్రాంటు, మార్కెట్టులో అడుగిడడానికి 50 లక్షల వరకు రుణరూప సహాయం అందించేలా రూపొందింది. తమిళనాడు ప్రభుత్వం టాన్‌సీడ్ పేరిట తొలి నిధి పథకాన్ని నడిపింది. మదురై, తిరునెల్వేలిలలో స్టార్టప్ టీఎన్ ప్రాంతీయ కేంద్రాలు నెలకొల్పడంతో చెన్నై దాకా వెళ్లే శ్రమ కొంత తగ్గింది.

చివరి మెట్టు మదుపరి. 2012లో వచ్చిన ఏంజెల్ ట్యాక్సును 2024 జూలై బడ్జెట్టులో రద్దు చేయడంతో ఈ దారిలో ఒక చిక్కు తొలగింది. కాని మదుపరి ఇచ్చేది దానమూ కాదు, అప్పూ కాదు. అది వాటా కొనుగోలు. 10 లక్షలకు 10 శాతం ఇస్తే స్థాపకునికి 90 శాతం మిగులుతుంది. మరుసటి విడతలో కొత్త వాటాలతో మరొకరికి 20 శాతం ఇస్తే ఆ 90 కాస్తా 72 అవుతుంది. సంతకానికి ముందు ఈ లెక్క ఇంట్లో అందరికీ వినిపించాలి.

కుటుంబం గీయవలసిన గీత

పిల్లల సాహసాన్ని నిరుత్సాహపరచడం పెద్దల పని కాదు. అట్లని ఇల్లూ, నగలూ ప్రకటనల పాలు చేయడం ప్రోత్సాహమూ కాదు. పోయినా ఇంటి పొయ్యి ఆరని మొత్తం ఎంతో ముందే నిర్ణయించి, దానిని కాగితంపై వ్రాసుకోవాలి. కుదువ పెట్టిన నగ మీద వడ్డీ ప్రతి నెలా పెరుగుతుంది. ప్రకటన చూసినవాడు కొంటాడన్న హామీ ఏ నెలా లేదు. ముఖపరిచయం లేని యాభై మంది సొమ్ము చెల్లించి, వారిలో సగం మంది రెండవసారి అడిగిన నాడు మరికొంత పెట్టుబడి గురించి మాట్లాడుకోవచ్చు. ఆ యాభై మంది పేర్లున్న పుస్తకమే రేపు బ్యాంకు వారికైనా, మదుపరికైనా చూపదగిన తొలి ఆస్తి.